ఉదాహరణకి తిరుపతి

ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు పాఠాలు చెబుతున్న పుణ్యవతికి, తను రాసిన ఒక్క వాక్యం మీద పంచాయితీ జరగడం అదే మొదటిసారి.

తణుకులో ఒక ప్రైవేటు కాలేజీలో చెప్పినంతకాలం ఆమె వాక్యాల జోలికి ఎవరూ రాలేదు. బోర్డు మీద రాస్తే పిల్లలు నోటుపుస్తకంలోకి దింపుకునేవాళ్ళు, పరీక్షయ్యాక మరిచిపోయేవాళ్ళు. భర్త బుల్లిబాబుకి నీటిపారుదల శాఖలో హైదరాబాదు బదిలీ అయితే, ఆ కొలువు వదిలేసి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో కాపురం పెట్టింది. ఏడాదిపాటు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, తొంభైతొమ్మిది వేసవిలో మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరింది. బండరాళ్ళ మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడకి కాస్త ఇవతల, రెండంతస్తుల అద్దె భవనం. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక యంత్రంలో మాట్లాడి పెట్టిన మాటలు ఇక్కడికి వస్తాయి. ఇక్కడి పిల్లలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాటిని విని, టైపు చేసి, వాళ్ళకి తెల్లవారేలోగా పంపాలి. ఆ డాక్టర్లు పుస్తకాల ఇంగ్లీషు మాట్లాడరు కదా. అందుకని రోజూ మధ్యాహ్నం రెండు గంటలు నుడికారం నేర్పడానికి పుణ్యవతిని పెట్టుకున్నారు.

క్లాసులో ఇరవైమంది. అంతా రెండో బ్యాచి ట్రైనీలే, ఒక్క తిరుపతి తప్ప. తిరుపతి మొదటి బ్యాచివాడు. కొండాపూర్ ఊళ్ళోవాడు. తెలుగు మీడియంలో చదివి బీఎస్సీ చేశాడు. లింగంపల్లిలో టైపు హయ్యరు పాసయ్యాడు. అతని ఇంటివాళ్ళకి బర్రెలున్నాయి. కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లకి తల్లి పాలు పోస్తుంది. ఇంగ్లీషు మాట్లాడమంటే నాలుక మడతపడేది గానీ వినడంలో అతన్ని మించినవాడు ఆ భవనంలో లేడు. మిగతావాళ్ళు డాక్టరు ఏమనుంటాడో ఊహించుకుని టైపు చేసేవాళ్ళు. తిరుపతి పదిసార్లు వెనక్కి తిప్పి విని, అయినా అర్థం కాకపోతే అక్కడ ఖాళీ వదిలేవాడు. తప్పు మాట కంటే ఖాళీ నయమనేది ఆ పనిలో మొదటి సూత్రం. అందుకే అతన్ని మిగతావాళ్ళ పని సరిచూసే చోట, మేనేజరు గదికి ఎదురుగా, ఫ్యాక్సు యంత్రం పక్కన కూర్చోబెట్టారు. అమెరికావాళ్ళతో ఫోనులో మాట్లాడాల్సి వస్తుందని, తనకంటే చిన్నవాళ్ళతో కలిసి క్లాసుకి రమ్మన్నారు.

అతను లేచి మాట్లాడితే వెనక బెంచీల్లో కిసుక్కుమనేవాళ్ళు. 'స్కూల్' అనడానికి 'ఇస్కూల్' అంటాడు. 'క్యాట్' అంటే 'క్యాటు' అంటాడు. పుణ్యవతి గుడ్లురిమేది. కాని నిజం చెప్పాలంటే ఒకటి రెండుసార్లు ఆమె పెదవి కూడా వంకర తిరిగింది.

జులై రెండో వారంలో ఆమె ఒక కాగితం తయారుచేసింది. నోటితో చేసే ఘనకార్యాలన్నిటికీ ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న ముద్దుపేర్లు, పాతిక దాకా. ఒకరి గుట్టు రట్టు చేస్తే చిక్కుడు గింజలు ఒలకబోశాడంటారు. తీరిగ్గా కూర్చుని కబుర్లాడితే కొవ్వు నమిలారంటారు. చెవిన పడిన పుకారు ద్రాక్షతీగ వెంట వచ్చిందంటారు. చిన్నమాట పట్టుకుని వాదిస్తే వెంట్రుకలు చీల్చాడంటారు. ఒక్కొక్క దానికీ ఒక ఉదాహరణ వాక్యం రాసింది. రాముడు, రవి అని రాస్తే పిల్లలకి ఆవలింతలొస్తాయని క్లాసులోవాళ్ళ పేర్లే వాడింది. దేవిశ్రీ, పింకీ కొవ్వు నములుతున్నారు. జశ్వంత్ వెంట్రుకలు చీలుస్తాడు. తొమ్మిదో నంబరు వాక్యం, దాచిన సంగతి బయటపెట్టడానికి వాడే మాట: 'తిరుపతి లెట్ ది క్యాట్ అవుట్ ఆఫ్ ది బ్యాగ్.' సంచిలోంచి పిల్లిని బయటికి వదిలాడు తిరుపతి.

ఆ కాగితం బుధవారం పంచింది. క్లాసంతా ఒకటే నవ్వు. తొమ్మిదో వాక్యం తిరుపతి చేతే చదివించింది. 'క్యాటు' దగ్గరికి వచ్చేసరికి జశ్వంత్ బల్ల కొట్టి మరీ నవ్వాడు. తిరుపతి కూడా నవ్వి కూర్చున్నాడు. ఆవేళ పాఠం మహా రంజుగా సాగిందని పుణ్యవతి తృప్తిగా ఇంటికి వెళ్ళింది.

క్లాసు మధ్యాహ్నమే అయినా, పొద్దుటి కంపెనీ వ్యాను తప్పితే ఇంకోటి లేదు గనక ఆమె కూడా పిల్లలతోనే వెళ్ళేది. శుక్రవారం పొద్దున ఆ వ్యాను ఎక్కేసరికి లోపల ఎవరి మొహంలోనూ రక్తం లేదు. పింకీ కళ్ళు వాచి ఉన్నాయి.

"మేడమ్, మమ్మల్ని తీసేస్తున్నరంట కదా," అంది. పింకీది పాతబస్తీ అవతల ఏదో బస్తీ, పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చి కూకట్‌పల్లిలో వ్యానెక్కుతుంది. "సెకండ్ బ్యాచ్ ఒక్కరిని గూడ పర్మినెంట్ చెయ్యరంట. అమెరికా ఆస్పత్రోళ్ళు కాంట్రాక్ట్ బంద్ చేసిండ్రంట."

పుణ్యవతి చప్పున కిటికీ వైపు తిరిగింది. ఎందుకంటే ఆ సంగతి నిజం. సోమవారం మేనేజరు చైతన్య ఆమెని గదికి పిలిచి, తలుపు వేసి చెప్పాడు. ఒక పెద్ద ఆస్పత్రి తప్పుకుంటోంది, వచ్చే నెలాఖరుకి రెండో బ్యాచిని పంపించెయ్యాలి, ఆలోగా కొత్త పార్టీ దొరికితే మంచిదే, అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు, పిల్లలు ముందే వేరే చోట్లు వెతుక్కుంటే ఉన్న పని ఆగిపోతుంది. "మన నలుగురికే తెలుసు మేడమ్. వెరీ కాన్ఫిడెన్షియల్," అన్నాడు.

మధ్యాహ్నానికి ఆరుగురు సెలవు చీటీలు ఇచ్చి అమీర్‌పేట వెళ్ళిపోయారు, వేరే కంపెనీల్లో దరఖాస్తులు పెట్టుకోవడానికి. క్యాంటీనులో అన్నం తినేవాళ్ళు లేరు. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎలా తెలిసింది అన్నదే చర్చ. మూడింటికి చైతన్య పుణ్యవతిని పిలిపించాడు. అతని బల్ల మీద ఆమె పంచిన కాగితం ఉంది. తొమ్మిదో వాక్యం చుట్టూ ఎవరో ఎర్రసిరాతో సున్నా చుట్టారు.

"మేడమ్, ఇది మీరు రాసిందేనా?"

"నేనేనండీ. మొన్న క్లాసుకి."

"తిరుపతి సీక్రెట్ బయటపెట్టాడని మీకు బుధవారమే ఎలా తెలిసింది?"

పుణ్యవతికి ముందు ప్రశ్నే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి చైతన్య కనుబొమలు ముడిపడ్డాయి.

"అయ్యో, అది ఉదాహరణండీ. గ్రామరు కోసం. దాంట్లో సంగతేం లేదు. జశ్వంత్ వెంట్రుకలు చీలుస్తున్నాడని కూడా రాశాను, చూడండి."

"జశ్వంత్ నిజంగానే అంతే కదా మేడమ్, ప్రతిదానికీ ఆర్గ్యుమెంట్. దేవిశ్రీ, పింకీ కబుర్లాడతారని రాశారు. అదీ నిజమే. అన్నీ నిజాలు రాసి ఇదొక్కటీ ఊరికే రాశారా?"

పుణ్యవతి కాగితం కేసి చూసింది. నిజమే. నవ్వు రావాలని ఎవరి గుణానికి తగ్గట్టు వాళ్ళకి వాక్యం కట్టింది. తిరుపతికి మాత్రం గుణాన్ని బట్టి కట్టలేదు.

"అతను ఎప్పుడూ పెదవి విప్పడండీ. అసలు అతనికి ఈ సంగతి తెలీదు."

"ఫ్యాక్స్ పక్కనే కూర్చుంటాడు. ఆస్పత్రివాళ్ళ లెటర్ ఫ్యాక్స్‌లోనే వచ్చింది." చైతన్య వెనక్కి వాలాడు. "మీకేదో తెలిసే రాసుంటారని అందరూ అంటున్నారు. పోనీ మీకు చెప్పడం ఇష్టం లేకపోతే వద్దులెండి. నిప్పు లేనిదే పొగ రాదు."

"ఆ పొగ నేను పెట్టిందేనండీ!" అంది పుణ్యవతి. గొంతు తనకే పెద్దగా వినిపించింది. అద్దం అవతల ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు.

అదే పాపమైంది. మేడమ్ మేనేజరు గదిలో గొడవ పడిందట, తిరుపతి పేరు వినపడిందట, అని సాయంత్రం వ్యాను కదిలేలోగా మాట రెండంతస్తులూ తిరిగొచ్చింది.

మర్నాడు క్లాసులో పుణ్యవతి పాఠం పక్కన పెట్టింది. "ఇదిగో, అందరూ వినండి. ఆ కాగితంలో రాసినవి వాక్యాలు. వార్తలు కావు. తిరుపతి ఎవరికీ ఏమీ చెప్పలేదు," అంది.

జశ్వంత్ చెయ్యెత్తాడు. "మరి ఎవరు చెప్పారు మేడమ్?"

"నాకు తెలీదు."

"తెలీనప్పుడు తిరుపతి కాదని ఎలా చెప్తారు?"

వెంట్రుకలు చీల్చడం అంటే ఇదేనని బోర్డు మీద రాసి చూపించాలన్నంత కోపమొచ్చింది ఆమెకి. దేవిశ్రీ నోటుపుస్తకంలోంచి తల ఎత్తలేదు. తిరుపతి కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అతన్ని సరిచూసే పనిలోంచి తీసేసి, కింది అంతస్తులో మూల కుర్చీకి మార్చారనీ, రెండు ఫ్యాక్సు కాగితాలు కనబడ్డం లేదని సంజాయిషీ అడిగారనీ పింకీ చెప్పింది.

పుణ్యవతి మెట్ల దగ్గర అతని కోసం కాచుకుంది. తిరుపతి టిఫిను డబ్బా పట్టుకుని పైనున్న క్యాంటీనులోంచి కిందికి దిగుతూ ఆమెని చూసి ఆగాడు.

"తిరుపతీ, నేను సార్‌తో చెప్పాను. క్లాసులోనూ చెప్పాను. అది వట్టి ఉదాహరణేనని..."

"తెలుసు మేడమ్."

"మళ్ళీ చెబుతాను. ఇవాళే ఎండీ గారికి కాగితం రాస్తాను."

"వద్దు మేడమ్." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు ఒక్కతాప చెప్పిండ్రు, ఫ్యాక్సు కాగితం నేను చదివిన అన్నరు. రెండోతాప చెప్పిండ్రు, మేడమ్ ఎందుకు గింత వెనకేసుకొస్తుంది, వాళ్ళ నడుమ ఏందో ఉంది అన్నరు. మూడోతాప చెప్తే ఇంకేం అంటరో. జర ఊకుండుండ్రి."

డబ్బా పట్టుకుని దిగిపోయాడు. తప్పు మాట దిద్దడమే పుణ్యవతి జీవితమంతా చేసిన పని. తప్పు మీద కొట్టేసి పైన ఒప్పు రాస్తే అయిపోయేది. ఈ తప్పుని ఎన్నిసార్లు కొట్టేసినా కింద నుంచి ఇంకో కొమ్మ వేస్తోంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి బుల్లిబాబు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కాఫీ గ్లాసు అతని చేతికిచ్చి, ఆమె పక్కనే అరుగు మీద కూలబడి జరిగిందంతా వెళ్ళగక్కింది. చెబుతున్నంతసేపూ అతను తలాడిస్తూ విన్నాడు. చివర్లో జాలిగా నాలుక చప్పరించాడు.

"పాపం, ఆ కుర్రాణ్ణి ఎందుకు అనుమానిస్తున్నారు? కంపెనీ సంగతి ఎప్పుడో తెలిసిందేగా. మన కాలనీలోనే ఉండే దేవిశ్రీ వాళ్ళ నాన్న రామచంద్రంగారికి మంగళవారమే చెప్పాను నేను."

పుణ్యవతి అరుగు మీంచి లేచింది. "ఏం చెప్పారు?"

"అదే, నువ్వు సోమవారం రాత్రి భోజనాల దగ్గర చెప్పావుగా. వచ్చే నెలాఖరుకి పిల్లల్ని తీసేస్తున్నారని. పొద్దున వాకింగులో ఆయన, మా అమ్మాయికి పర్మినెంటు అయ్యాక కంప్యూటరు కొంటాను అంటుంటే మనసాగలేదు. మీలో మీకే ఉంచుకోండి అని మరీ మరీ చెప్పాను."

చెప్పింది. నిజంగానే చెప్పింది. పప్పు వడ్డిస్తూ, పాపం ఆ పిల్లలు అనుకుంటూ, ఎవరికీ చెప్పకండి అని ముందుగా ఒక మాట జోడించి మరీ చెప్పింది. ఆ మాట తను చైతన్యకి ఇచ్చిన మాటే కదా అని అప్పుడు తట్టలేదు. మొగుడికి చెప్పడం చెప్పడం కాదనుకుంది. అతని నోట్లో నువ్వుగింజ నానదని పెళ్ళయిన నెలకే తెలిసిన మనిషి. తెలిసీ చెప్పింది.

"మీరు... మీరెంత పని చేశారండీ!"

"నేనేం చేశాను? ఉన్నమాట చెప్పాను. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?" అన్నాడు బుల్లిబాబు నొచ్చుకుంటూ.

ఆ రాత్రి అతని కంచంలో అన్నం పెట్టి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున పుణ్యవతి వ్యానుకోసం చూడకుండా ఆటో ఎక్కి ముందే వెళ్ళింది. చైతన్య ఇంకా కంప్యూటరు కూడా తెరవలేదు.

"చైతన్యగారూ, ఆ సంగతి బయటపెట్టింది నేనేనండీ. మీరు చెప్పిన రాత్రే మావారితో అన్నాను. ఆయన దేవిశ్రీ వాళ్ళ నాన్నగారికి చెప్పారు. తిరుపతికి ఇందులో ఏ సంబంధమూ లేదు. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే."

వాక్యాలన్నీ ఆటోలో కుదిర్చి పెట్టుకుంది. ఎక్కడా తడబడలేదు. చైతన్య ఆమెని కొంతసేపు చూశాడు. తర్వాత చిరునవ్వు నవ్వాడు.

"మీది పెద్ద మనసు మేడమ్. మా అమ్మ కూడా టీచరే. స్టూడెంట్ మీద మాట పడితే ఇలాగే తన మీద వేసుకునేది."

"మనసు కాదండీ, నిజం!"

"సరే, దేవిశ్రీని అడుగుదాం."

దేవిశ్రీ వచ్చింది. పుణ్యవతి మొహం చూసింది, చైతన్య మొహం చూసింది. ఆ అమ్మాయి కళ్ళల్లో లెక్క పుణ్యవతికి అర్థమవుతూనే ఉంది. నాన్న పేరు వస్తుంది. తన పేరు వస్తుంది. కొత్త పార్టీ దొరికితే ఉంచుకునే నలుగురైదుగురిలో తను ఉండదు.

"నాకు క్యాంటీనులో తెలిసింది సార్. ఎవరన్నారో గుర్తులేదు," అంది దేవిశ్రీ.

"దేవీ! మీ నాన్నగారు..."

"నాన్నకి నేనే చెప్పాను మేడమ్, శుక్రవారం ఇంటికెళ్ళాక." కళ్ళనిండా నీళ్ళు నింపుకుని ఆ పిల్ల బయటికి వెళ్ళిపోయింది.

చైతన్య చేతులు చాపాడు. "చూశారా? మీరు ఈ విషయం వదిలెయ్యండి. ఎండీ గారికి రిపోర్టు కూడా వెళ్ళిపోయింది. ఎవరో ఒకరు దొరికారు, ఆయన శాంతించారు. మళ్ళీ కెలికితే నాకూ ఇబ్బందే. తిరుపతిని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదుగా, కుర్చీ మార్చాం అంతే."

"నేనే తప్పు చేశానని రాసిస్తానండీ. సంతకం పెట్టి ఇస్తాను."

"మీరు రాసిన కాగితంతోనే కదా మేడమ్ ఇదంతా మొదలైంది," అన్నాడు చైతన్య. హేళన కాదు. నిజంగా విసుగెత్తి అన్నాడు.

అయినా ఆమె ఊరుకోలేదు. మధ్యాహ్నం క్యాంటీను బోర్డు మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించింది. సంగతి తన ఇంటినుంచే పొక్కిందనీ, తిరుపతి నిర్దోషి అనీ, కింద తన పూర్తిపేరూ. టీ తాగేవేళకి దాని ముందు గుంపు చేరింది. నిర్దోషి అంటే ఏమిటని పింకీ అడిగితే జశ్వంత్ చెప్పాడు, "కోర్టు మాట. పోలీసు కేసు దాకా వెళ్ళినట్టుంది." అరగంటలో హౌస్‌కీపింగ్ చంద్రమ్మ వచ్చి, సారు తీసెయ్యమన్నడమ్మా అని చెప్పి, కాగితం జాగ్రత్తగా ఒలిచి మడిచి ఆమె చేతికే ఇచ్చింది.

తిరుపతి గురువారం రాజీనామా ఇచ్చాడు. కారణం అన్నచోట 'సొంత పనులు' అని రాశాడట. శుక్రవారం వ్యానులో అందరి నోటా అదే.

"తప్పు చెయ్యకపోతే ఎందుకు పోతాడు?" అన్నాడు జశ్వంత్ వెనకసీటులోంచి.

"మరేగా," అన్నారెవరో.

దేవిశ్రీ కిటికీకేసి తిరిగి కూర్చుంది. పుణ్యవతి వెనక్కి తిరిగి, మొదటినుంచి చివరిదాకా, సోమవారం పప్పు వడ్డించిన దగ్గర్నుంచి చెప్పింది. ఎవరి పేరూ దాచలేదు. వ్యాను కొత్తగూడ మలుపు తిరిగేదాకా చెబుతూనే ఉంది. డ్రైవరు ఓదెలు అద్దంలోంచి ఆమెని చూశాడు. ముగించాక పింకీ ఆమె చెయ్యి పట్టుకుని, "పరేషాన్ కాకండి మేడమ్, మీ తప్పేం లేదు," అంది ఓదార్పుగా. నా తప్పేనని అరగంట సేపు చెప్పిన మనిషికి అంతకంటే పెద్ద చెంపదెబ్బ ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆమె కొండాపూర్ వెళ్ళింది. బుల్లిబాబు తనూ వస్తానన్నాడు. వద్దంది. పాత ఊళ్ళో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, తిరుపతి తల్లి పాల సక్కుబాయి అంటే పిల్లలు కూడా చూపించారు. రెండువైపులా సిమెంటు స్తంభాలు లేస్తున్నాయి. నడుమ పెంకుటిల్లు, పక్కన రేకుల కొట్టంలో నాలుగు బర్రెలు. వాకిట్లో నలభై ఎనిమిది, యాభై ఏళ్ళ ఆడమనిషి పాల క్యాన్లు బోర్లించి కడుగుతోంది.

"తిరుపతి ఉన్నాడాండీ?"

"బేగంపేట పోయిండు, ఏదో టెస్టు ఉందని. నువ్వెవరమ్మ?"

"ఆఫీసులో ఇంగ్లీషు చెప్తానండీ. నా పేరు పుణ్యవతి."

సక్కుబాయి చేతులు ఆగాయి. గడ్డి పీచు క్యాను మీద పెట్టి లేచింది. కూర్చోమని పీట చూపించలేదు.

"కాగితం రాసినామెవు నువ్వేనా?"

"నేనే."

నిలబడే మొత్తం చెప్పింది పుణ్యవతి. ఈ వారం రోజుల్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కాని ఇక్కడ మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. సక్కుబాయి కొంగుతో చేతులు తుడుచుకుంటూ, కళ్ళార్పకుండా విన్నది. అయిపోయాక ఒక్కటే అడిగింది.

"ఆఫీసుల గంతమంది ఉన్నరు గదమ్మ. మా పోరని పేరే ఎందుకు రాసినవు?"

చైతన్య అడిగినప్పుడు తప్పించుకున్న ప్రశ్న అది. ఏదో పేరు తోచింది రాశాను అనొచ్చు. అలా అనడానికి నోరు తెరిచి, మూసుకుంది.

"అతను ఆ మాట పలికితే అందరూ నవ్వుతారని రాశాను."

సక్కుబాయి కొంగు నడుముకి దోపుకుంది. కొట్టంలో బర్రె తోక కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"నవ్విండ్రా?"

"నవ్వారు."

"వాడు?"

"తనూ నవ్వాడు."

"గట్లనే నవ్వుతడు," అంది సక్కుబాయి. మళ్ళీ కూర్చుని క్యాను అందుకుంది. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నేను నమ్మిన. మొగనికి చెప్పినవు, మొగడు ఊరికి చెప్పిండు. గిది ఏ ఇంట్లనైన అయ్యేదే. గాని గా నవ్వుడు సంగతి, గది మాత్రం నా కొడుకు నాకు చెప్పలె."

క్షమించమని అడగడానికి వచ్చింది పుణ్యవతి. అడగలేదు. వారం రోజులుగా నమ్మమని అందరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేసింది. తీరా నమ్మిన మనిషి ఎదురుపడితే, ఆ నమ్మకాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆమె వీధిలోకి వచ్చేసరికి తిరుపతి సైకిలు మీద ఎదురొచ్చాడు. చొక్కా టక్ చేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఉన్నాడు. గబుక్కున దిగాడు.

"మేడమ్! ఇంత దూరం వచ్చిండ్రేంది? చాయ్ తాగిండ్రా?"

"టెస్టు ఎలా రాశావు?"

"పాసయిన మేడమ్. రెండో తారీకు జాయిన్ కమ్మన్నరు. జీతం జర తక్కువ గాని, పని గదే."

"నేను మీ కొత్త ఆఫీసుకి ఉత్తరం రాసిస్తాను తిరుపతీ. నీ పని గురించి. అక్కడికి ఈ మాట పాకకుండా..."

"వద్దు మేడమ్," అన్నాడు వెంటనే. తర్వాత, ఆమె మొహం చూసి, "మీరు మంచోళ్ళే," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. గట్టిగా, నలుగురూ వినేలా, నోటికొచ్చినట్టు తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేది. అతను సైకిలు గోడకి ఆనించి, రోడ్డు దాకా ఆమెతో నడిచాడు. ఆటో ఆపాడు. కూకట్‌పల్లికి ఎంత తీసుకుంటావని తనే బేరమాడాడు. ఆటోవాడు ఎక్కువ చెబితే వాడితో వాదులాటకి దిగాడు. ఆ వాదనలో ఎక్కడా తడబడలేదు, మాట కోసం వెతుక్కోలేదు. తన బాసలో తిరుపతి ఇంత ధారాళంగా మాట్లాడతాడని ఆమెకి అంతవరకూ తెలియదు.

"ఎక్కుండ్రి మేడమ్, ఒప్పుకున్నడు," అన్నాడు.

ఆమె ఎక్కింది.